రామలక్ష్మణులు సింపులా, కాంపౌండా?

పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఆరో తరగతి బాబు నాన్నగారు ఒకరు గ్రామర్ వర్క్‌బుక్ తెరిచి నా టేబుల్ మీద పెట్టారు. ‘రామా అండ్ లక్ష్మణా వెంట్ టు ద ఫారెస్ట్’ అనే వాక్యం ఎదురుగా బాబు ‘కాంపౌండ్’ అని రాశాడు. దాని మీద ఎర్ర ఇంకుతో ఇంటూ గుర్తు ఉంది.

“మేడమ్, ఇది నేనే చెప్పి రాయించాను. రాముడు అడవికి వెళ్లాడు, లక్ష్మణుడు అడవికి వెళ్లాడు. రెండు వాక్యాలు కలిస్తే సంయుక్త వాక్యం. పదో తరగతిలో ఇదే రాసి మార్కు తెచ్చుకున్నాను. ఇప్పుడు తప్పెలా అయింది?” అన్నారు. బాబు పక్కనే నిలబడి ఒకసారి నాన్న వైపు, ఒకసారి నా వైపు చూస్తున్నాడు.

ఆయన చెప్పింది తప్పు కాదు. మేం పెట్టిన ఇంటూ కూడా తప్పు కాదు. వెనక ఇంకా పదిమంది తల్లిదండ్రులు ఎదురుచూస్తున్నారు కాబట్టి రెండు నిమిషాల్లో చెప్పి ముగించాను. ఆయన తల ఊపారు గానీ సగమే అర్థమైందని ముఖంలోనే తెలిసింది. ఆ మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను. ఇంగ్లిష్ ఉదాహరణలు కూడా తెలుగు లిపిలోనే ఇస్తున్నాం. ఇంట్లో అమ్మమ్మ అయినా, తాతయ్య అయినా పైకి చదివి పిల్లలను అడగడానికి వీలుగా ఉంటుంది.

ఒకే పేరు, రెండు లెక్కలు

హైస్కూలు తెలుగు వాచకంలో వాక్యాలను సామాన్య, సంక్లిష్ట, సంయుక్త వాక్యాలని చదువుకున్నాం. సమాన ప్రాధాన్యం ఉన్న రెండు వాక్యాలను కలిపితే సంయుక్త వాక్యం. కలిపేటప్పుడు రెండుసార్లు వచ్చే మాట ఒకటి జారిపోతుంది. ‘రాముడు అడవికి వెళ్లాడు’, ‘లక్ష్మణుడు అడవికి వెళ్లాడు’ కలిసి ‘రామలక్ష్మణులు అడవికి వెళ్లారు’ అవుతాయి. చివరికి ‘వెళ్లారు’ ఒక్కటే మిగిలినా, అది రెండు సమాన వాక్యాల నుంచి వచ్చింది కాబట్టి తెలుగు వ్యాకరణం దాన్ని సంయుక్తం అంటుంది.

ఇంగ్లిష్ స్కూల్ గ్రామర్ ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందని అడగదు. ఇప్పుడు కాగితం మీద ఏముందో లెక్కపెడుతుంది. ఒక కర్త, ఆ కర్తకు చెందిన ఒక సమాపక క్రియ. ఈ జంటను క్లాజ్ అంటారు. జంట ఒకటే ఉంటే అది సింపుల్ సెంటెన్స్. ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడగల జంటలు రెండో, అంతకంటే ఎక్కువో ఉండి, వాటిని సమానంగా ముడివేస్తే కాంపౌండ్ సెంటెన్స్. మన వాక్యంలో రాముడు, లక్ష్మణుడు ఇద్దరూ కలిసి ఒకే కర్త. ‘వెంట్’ ఒకటే క్రియ. జంట ఒకటే కాబట్టి అది సింపుల్.

‘కాంపౌండ్’ అన్న మాటకు నిఘంటువు చూస్తే ‘సంయుక్త’ అనే కనిపిస్తుంది. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. పేరు ఒకటే, లెక్కపెట్టే పద్ధతి వేరు.

రెండో రకం చిక్కు ఇంకా లోతుగా ఉంది. ‘రవి భోజనం చేసి బయటికి వెళ్లాడు’ అన్నది తెలుగులో సంక్లిష్ట వాక్యం. ‘చేసి’ అనేది అసమాపక క్రియ, అక్కడితో ఆపితే మాట పూర్తికాదు. ఇదే సంగతిని ఇంగ్లిష్‌లో మామూలుగా ‘రవి ఏట్ హిజ్ లంచ్ అండ్ వెంట్ అవుట్’ అంటాం. ఇక్కడ ‘ఏట్’, ‘వెంట్’ రెండూ సమాపక క్రియలే. కర్త మాత్రం రవి ఒక్కడే. మన వర్క్‌షీట్లలో దీన్ని సింపుల్ సెంటెన్స్ అంటాం. అంటే తెలుగు పీరియడ్‌లో సంక్లిష్టమైన వాక్యం తర్వాతి పీరియడ్‌కల్లా సింపుల్ అయిపోయింది. పిల్లలు తికమకపడితే ఆశ్చర్యం ఏముంది?

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మీ ఇంట్లో పాత రెన్ అండ్ మార్టిన్ గ్రామర్ పుస్తకం ఉంటే, సింపుల్‌ను కాంపౌండ్‌గా మార్చే అభ్యాసాల్లో ఇలా ఒకే కర్త, రెండు క్రియలు ఉన్న వాక్యాలను కాంపౌండ్ అనడం కనిపిస్తుంది. రెండో క్రియకు కర్త పైకి కనబడకపోయినా ఉన్నట్టే అని ఆ పద్ధతి. కాబట్టి మీరు చదువుకున్నది వేరైతే కంగారు పడకండి. మా వర్క్‌షీట్లలో ముడికి రెండు వైపులా కర్త పైకి కనిపిస్తేనే కాంపౌండ్ అంటున్నాం.

వేలు పెట్టి చూడండి

క్లాసులో పిల్లలకు మేం నేర్పే పరీక్ష చాలా చిన్నది. వాక్యంలో కలిపే మాటను వేలితో మూయాలి. ఎడమ వైపు, కుడి వైపు విడివిడిగా చదవాలి. రెండు వైపులా ‘ఎవరు?’, ‘ఏం చేశారు?’ అని అడగాలి. రెండు వైపులా రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే కాంపౌండ్.

‘ద బెల్ ర్యాంగ్, అండ్ ద చిల్డ్రన్ ర్యాన్ అవుట్.’ అండ్ మీద వేలు పెట్టండి. ఎడమ వైపు బెల్ మోగింది. కుడి వైపు పిల్లలు బయటికి పరుగెత్తారు. రెండూ విడిగా నిలబడ్డాయి. కాంపౌండ్.

‘రామా అండ్ లక్ష్మణా వెంట్ టు ద ఫారెస్ట్.’ ఎడమ వైపు ‘రామా’ ఒక్కటే మిగిలింది. రాముడు ఏం చేశాడు? జవాబు లేదు. సింపుల్.

‘రవి ఏట్ హిజ్ లంచ్ అండ్ వెంట్ అవుట్.’ కుడి వైపు ‘వెంట్ అవుట్’. ఎవరు వెళ్లారు? అక్కడ పేరు లేదు. సింపుల్. అదే వాక్యాన్ని ‘రవి ఏట్ హిజ్ లంచ్, అండ్ హి వెంట్ అవుట్’ అని రాస్తే, ఆ చిన్న ‘హి’ చేరడంతో కాంపౌండ్ అయిపోతుంది.

ఆ రోజు మీటింగ్‌లో ఈ పరీక్ష చూపించాక ఆ నాన్నగారు ఊరుకోలేదు. “మరి ‘రామా వెంట్ టు ద ఫారెస్ట్, అండ్ లక్ష్మణా వెంట్ విత్ హిమ్’ అంటే?” అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే బాబు వేలు పెట్టి “కాంపౌండ్” అనేశాడు.

ఈ పరీక్ష చేయించడానికి మీకు ఇంగ్లిష్ రానక్కర్లేదు. తెలుగులోనే ‘ఎవరు? ఏం చేశారు?’ అని అడిగితే చాలు, వెతుక్కునే పని పిల్లలది. “మేం తెలుగు మీడియంలో చదివాం మేడమ్, గ్రామర్ మావల్ల కాదు” అని చాలామంది అమ్మలు చెబుతుంటారు. నిజానికి కర్త, క్రియ అంటే ఏమిటో మీకు బాగా తెలుసు. మీ పిల్లలకు ఇప్పుడు కావలసింది కూడా అదే.

పొట్టి వాక్యమంతా సింపుల్ కాదు

‘సింపుల్’ అనగానే పిల్లలు చిన్న వాక్యం అనుకుంటారు. పెద్దలం కూడా అలాగే అనుకుంటాం. ఈ రెండూ చూడండి.

‘ఆన్ సండే మార్నింగ్ మై గ్రాండ్‌ఫాదర్ అండ్ ఐ బాట్ టూ కిలోస్ ఆఫ్ బంగినపల్లి మ్యాంగోస్ ఫ్రమ్ ద రైతు బజార్ నియర్ అవర్ హౌస్.’ మాటలు 20. కొన్నది ఒకసారే, ‘బాట్’ ఒకటే క్రియ. సింపుల్.

‘ఇట్ రెయిన్డ్, సో వుయ్ స్టేడ్.’ మాటలు 5. జంటలు రెండు. కాంపౌండ్.

సింపుల్ సెంటెన్స్ పేరుకు తేలికే గానీ, తెలుగు ఇంట్లో పెరిగిన పిల్లలు అందులోనే రెండు చోట్ల జారిపడతారు. మొదటిది క్రియ లేకపోవడం. ‘మా నాన్న లెక్చరర్’ అన్నది తెలుగులో పూర్తి వాక్యం. అందులో క్రియ లేదు, అవసరమూ లేదు. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లిష్‌లోకి తెస్తే ‘మై ఫాదర్ లెక్చరర్’ అవుతుంది. ఇంగ్లిష్ దీన్ని ఒప్పుకోదు. ‘మై ఫాదర్ ఈజ్ ఎ లెక్చరర్’ అనాలి.

రెండోది కర్త లేకపోవడం. ‘నిన్న గుడికి వెళ్లాను’ అంటే ఎవరు వెళ్లారో ‘వెళ్లాను’లోని చివరి అక్షరమే చెప్పేస్తుంది. ఇంగ్లిష్ ‘వెంట్’కి ఆ శక్తి లేదు. ఐ వెంట్, షి వెంట్, దే వెంట్ అన్నిటికీ ఒకటే రూపం. కాబట్టి ‘ఐ’ లేకుండా ‘వెంట్ టు టెంపుల్’ అని రాస్తే ఎవరు వెళ్లారో తెలియదు. ఈ పట్టుదల ఇంగ్లిష్‌కు ఎంతగా ఉందంటే, కర్త దొరకనప్పుడు కూడా ఒక ‘ఇట్’ తెచ్చి నిలబెడుతుంది. ‘లేటయింది’ అంటే ‘ఇట్ ఈజ్ లేట్’. ఆ ‘ఇట్’ ఏమిటని మూడో తరగతి పిల్ల ఒకసారి అడిగింది. ఏమీ కాదు, కుర్చీ ఖాళీగా ఉండకూడదని కూర్చోబెట్టాం అని చెప్పాను.

ఈ రెండూ సరిగా రాకుండా కాంపౌండ్‌కి వెళ్తే ఒక తప్పు రెండు తప్పులవుతుంది. అందుకే మీ పిల్లల టీచర్ “ఇంకా సింపుల్ సెంటెన్సే చేయిస్తున్నారేంటి?” అన్న మీ ప్రశ్నకు కొంచెం నవ్వి ఊరుకుంటారు.

దోశ అడిగితే ఉప్మా

కలిపే మాటలు ఏడు. ఫర్, అండ్, నార్, బట్, ఆర్, యెట్, సో. వీటి ఇంగ్లిష్ మొదటి అక్షరాలు వరసగా కలిపితే ‘ఫ్యాన్‌బాయ్స్’ అవుతుంది, పిల్లలు అలాగే గుర్తుపెట్టుకుంటారు. రోజువారీ రాతకు అండ్, బట్, ఆర్, సో నాలుగూ చాలు. ‘యెట్’ కొంచెం పెద్దయ్యాక వస్తుంది. ‘ఎందుకంటే’ అన్న అర్థంలో ‘ఫర్’ పుస్తకాల్లోనే ఎక్కువ. ‘నార్’ వచ్చినప్పుడు వెనక భాగంలో మాటల వరస తిరగబడుతుంది. ‘హి డిడ్ నాట్ కాల్, నార్ డిడ్ హి కమ్.’ అది ఎనిమిదో తరగతి దాకా ఆగొచ్చు.

కలిపే మాట మారితే అర్థం ఎలా మారుతుందో పిల్లలకు వంటింట్లోనే బాగా తెలుస్తుంది. రెండు చిన్న వాక్యాలు తీసుకోండి. ‘ఐ వాంటెడ్ దోశ.’ ‘అమ్మ మేడ్ ఉప్మా.’ ఇప్పుడు కలపండి.

‘ఐ వాంటెడ్ దోశ, బట్ అమ్మ మేడ్ ఉప్మా.’ ఇది మనందరి ఇళ్లలో జరిగేదే. నిరాశ అంతా ఆ ‘బట్’లో ఉంది.

‘ఐ వాంటెడ్ దోశ, సో అమ్మ మేడ్ ఉప్మా.’ నేను దోశ అడిగాను కాబట్టే అమ్మ ఉప్మా చేసింది. ఇక్కడ అమ్మ పగ తీర్చుకుంది. క్లాసులో ఈ వాక్యానికి నవ్వని సెక్షన్ ఇంతవరకు లేదు.

‘ఐ వాంటెడ్ దోశ, అండ్ అమ్మ మేడ్ ఉప్మా.’ వ్యాకరణం ప్రకారం తప్పేం లేదు. కానీ రెండు సంగతులకూ సంబంధం ఏమిటో చెప్పకుండా పక్కపక్కన పెట్టేసినట్టుంది. బాధపడుతున్నాడా, సర్దుకుపోయాడా తెలియదు. మన పిల్లల కాంపోజిషన్లలో కనిపించే ‘అండ్’లు ఎక్కువగా ఇలాంటివే. అవి తప్పులు కావు. ఏమీ చెప్పని ముళ్లు.

‘అండ్ అంటే మరియు’ అని చిన్నప్పుడు నేర్పేస్తాం. నా అభిప్రాయంలో అది మేలు కంటే కీడే ఎక్కువ చేసింది. ఇంట్లో ఎవరైనా ‘నేను వచ్చాను మరియు తిన్నాను’ అంటారా? ‘వచ్చి తిన్నాను’ అంటాం. ‘అమ్మా నాన్నా వెళ్లారు’ అంటాం. తెలుగు ఈ పనిని మాట చివర్లతోనే చేసుకుంటుంది. ఇంగ్లిష్‌కు అలాంటి చివర్లు లేవు కాబట్టి విడిగా ఒక మాట కావాలి. ‘మరియు’ అని బట్టీ పట్టించే బదులు ‘ఇక్కడ రెండు సంగతులకూ సంబంధం ఏమిటి?’ అని అడిగితే, బట్ కావాలో సో కావాలో పిల్లలే వెతుక్కుంటారు.

కామా కాబట్టికి ముందా, వెనకా?

నోట్‌బుక్కులు దిద్దేటప్పుడు ఒక తప్పు పదేపదే కనిపిస్తుంది. ‘ఇట్ వాజ్ రెయినింగ్ సో, వుయ్ డిడ్ నాట్ ప్లే.’ కామా ‘సో’ తర్వాత పడింది. పిల్లలు అజాగ్రత్తగా ఉన్నారనే చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాత ఒకరోజు తెలుగులో పైకి అనుకుంటే తెలిసింది. ‘వాన పడుతోంది కాబట్టి, ఆడుకోలేదు.’ మనం ‘కాబట్టి’ అన్నాకే ఊపిరి తీసుకుంటాం. ఎందుకంటే తెలుగులో ‘కాబట్టి’ ముందు వాక్యానికి తోకలా అతుక్కుంటుంది. ఇంగ్లిష్ ‘సో’ వెనక వాక్యానికి తలలా ఉంటుంది. అందుకే కామా దానికి ముందే రావాలి. ‘ఇట్ వాజ్ రెయినింగ్, సో వుయ్ డిడ్ నాట్ ప్లే.’ ఇది చెప్పాక పిల్లలు ఆ తప్పు చాలావరకు మానేశారు.

ఇంకొక తప్పు కామాకు దాని శక్తికి మించిన పని అప్పగించడం. ‘ఐ కేమ్ హోమ్, మై మదర్ వాజ్ కుకింగ్.’ తెలుగులో ‘నేను ఇంటికొచ్చాను, అమ్మ వంట చేస్తోంది’ అని కామాతో నడిచిపోతుంది. ఇంగ్లిష్‌లో కామా ఒంటరిగా రెండు పూర్తి వాక్యాలను మోయలేదు. ఫుల్‌స్టాప్ పెట్టి రెండు వాక్యాలు చేయాలి, లేదా కామాతో పాటు ‘అండ్’ లాంటి మాట పెట్టాలి, లేదా సెమీకోలన్ పెట్టాలి. సెమీకోలన్‌ను మేం ఏడో తరగతి ముందు అడగం.

కథల పుస్తకాల్లో చిన్న చిన్న కాంపౌండ్ వాక్యాల మధ్య కామా లేకపోవడం మీ పిల్లలు గమనించి అడగొచ్చు. రెండు భాగాలూ పొట్టివైతే రచయితలు కామా వదిలేస్తారు. అది తప్పు కాదు. నేర్చుకునే రోజుల్లో మాత్రం పెట్టడమే మంచిది.

‘బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో వుయ్ డిడ్ నాట్ ప్లే’, ‘ఆల్దో హి ఈజ్ స్మాల్, బట్ హి ఈజ్ స్ట్రాంగ్’ అనే రకం కూడా చాలా ఉంది. రెండు భాగాలకు ముడి ఒకటి చాలు. బికాజ్ ఉంటే సో తీసేయాలి, ఆల్దో ఉంటే బట్ తీసేయాలి. అప్పుడది కాంపౌండ్ కాదు, కాంప్లెక్స్ సెంటెన్స్. దాని కథ వేరే నెలలో.

ఎర్ర ఇంకు గురించి

కొన్నేళ్ల కిందట ఒక ఏడో తరగతి పాప దసరా సెలవుల మీద పేజీన్నర రాసింది. అమ్మమ్మ ఊరు, చెరువు, జారిపడిన తమ్ముడు, వాడి చెప్పు కోసం అందరూ వెతకడం. అంతా ‘అండ్ దెన్, అండ్ దెన్’ మీదే నడిచింది. నేను ప్రతి ‘అండ్’ కిందా ఎర్ర గీత పెట్టాను. పదిహేనుకు పైనే గీతలు. తర్వాతి కాంపోజిషన్ ఇలా వచ్చింది. ‘ఐ హావ్ ఎ డాగ్. హిజ్ నేమ్ ఈజ్ టామీ. హి ఈజ్ బ్రౌన్. ఐ లైక్ హిమ్.’ ఒక్క తప్పూ లేదు. పదికి తొమ్మిది వేశాను. ఇంట్లో కూడా సంతోషించి ఉంటారు.

ఆ పాప ఇంగ్లిష్ మెరుగుపడిందని నేను అనుకున్నాను. నిజానికి భయపడి చిన్న వాక్యాల్లో దాక్కుంది. చెరువు దగ్గర తమ్ముడి చెప్పు గురించి రాయాలంటే వాక్యాలను కలపాలి, కలిపితే తప్పు పోతుంది, తప్పు పోతే గీత పడుతుంది. కుక్క గురించి రాస్తే ఆ గొడవ లేదు. మళ్లీ పేజీ నింపడానికి ఆ పాపకు ఏడాది దాదాపు పట్టింది. ఆ తప్పు నాది.

అందుకే ఇప్పుడు నేను వాక్యాలు కలపబోయి చేసిన తప్పులను పెన్సిల్‌తో గుర్తిస్తాను, ఒక పేజీలో రెండు మించకుండా. మీరు కూడా నోట్‌బుక్ తెరిచినప్పుడు గుర్తులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టే ముందు అవి ఎక్కడ ఉన్నాయో చూడండి. పొడుగు వాక్యంలో తప్పు పోయిందంటే, పిల్లలు ఏదో కలపడానికి ప్రయత్నించారని అర్థం. అక్కడ “ఇన్ని తప్పులా?” అనకండి. “ఏం చెప్పాలనుకున్నావ్?” అని తెలుగులోనే అడగండి. వాళ్లు చెబుతారు. చెబుతుంటే ముడి ఎక్కడ పడాలో వాళ్లకే తెలుస్తుంది. ఒక్క తప్పూ లేకుండా అన్నీ నాలుగు మాటల వాక్యాలే ఉన్న నోట్‌బుక్ కనిపిస్తే మాత్రం మాకు ఒకమాట చెప్పండి. దాన్ని మేమూ చూడాలి.

ఒకే వారంలో తెలుగు పరీక్ష, ఇంగ్లిష్ పరీక్ష రెండూ ఉంటే ఇంట్లో రివిజన్ చేయించేటప్పుడు ‘ఏ సబ్జెక్టు?’ అని ముందు అడగండి. తెలుగు పేపర్‌లో ‘రామలక్ష్మణులు అడవికి వెళ్లారు’ సంయుక్త వాక్యమే. అక్కడ సామాన్యం అని రాస్తే మా తెలుగు సార్ ఊరుకోరు.

ఈ రాత్రికి ఆరు వాక్యాలు

భోజనాల దగ్గర పిల్లలను అడిగి చూడండి.

‘ద టీచర్ అండ్ ద స్టూడెంట్స్ ప్లాంటెడ్ ఎ నీమ్ ట్రీ.’
‘ద పవర్ వెంట్ ఆఫ్, సో వుయ్ సాట్ ఆన్ ద టెరస్.’
‘మై సిస్టర్ వోక్ అప్ లేట్ అండ్ మిస్డ్ ద స్కూల్ బస్.’
‘డు యు వాంట్ టీ ఆర్ కాఫీ?’
‘తాతయ్య డ్రింక్స్ టీ, బట్ అమ్మమ్మ ప్రిఫర్స్ ఫిల్టర్ కాఫీ.’
‘కమ్ ఇన్ అండ్ సిట్ డౌన్.’

రెండోది, ఐదోది కాంపౌండ్. ఒకటి, మూడు, నాలుగు సింపుల్. మూడోది తప్పు చెప్పినా ఏమీ అనకండి, వేలు పెట్టి కుడి వైపు ‘ఎవరు?’ అని మళ్లీ అడగండి.

ఆరోది మా స్టాఫ్‌రూమ్‌లోనే వాదన పెట్టింది. ఆజ్ఞ ఇచ్చేటప్పుడు ‘యు’ అనే కర్త దాగి ఉంటుంది. రెండు క్రియలకూ దాగి ఉన్న కర్త ఒకటే కాబట్టి సింపుల్ అని నేనన్నాను. రెండూ విడివిడిగా పూర్తి ఆజ్ఞలే, ‘కమ్ ఇన్’ ఒక్కటే అన్నా వాక్యమే, ‘సిట్ డౌన్’ ఒక్కటే అన్నా వాక్యమే, కాబట్టి కాంపౌండ్ అని మా సీనియర్ మేడమ్ అన్నారు. లంచ్ బెల్ కొట్టేదాకా తేలలేదు. పరీక్షలో మాత్రం అది ఇవ్వం.